పాత సుబారు కార్లు: తరచుగా అడిగే ప్రశ్నలు, ఉన్నదున్నట్టు జవాబులు

అమెరికాలో, కొలరాడో రాష్ట్రం డెన్వర్‌లో ఉంటాం. ఇంటి ముందు 2003 సుబారు లెగసీ అవుట్‌బ్యాక్ ఉంటుంది, ఆకుపచ్చది, ఆటోమేటిక్, 2.5 లీటర్ల ఇంజన్. లక్షా పద్దెనిమిది వేల మైళ్ళ దగ్గర కొన్నాను, ఇప్పుడు రెండు లక్షలు దాటింది. దాని పనులు చాలావరకు గరాజ్‌లో నేనే చేసుకుంటానని తెలిశాక, మన తెలుగువాళ్ళలో ఎవరు పాత సుబారు కొన్నా, కొనబోతున్నా నాకే ఫోన్ చేస్తున్నారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి ఇది రాశాను. నేను మెకానిక్‌ని కాదు, పగలంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణే. కింద మైళ్ళు, డాలర్లు అన్నీ అమెరికా లెక్కలు.

సుబారు అంటే ఏంటి? మన సుబ్బారావుకీ దానికీ ఏమైనా చుట్టరికమా?

నవ్వులాటకి అడుగుతారు గానీ నిజంగానే ఉంది. జపాన్ భాషలో సుబారు అంటే కృత్తికా నక్షత్రాల గుంపు. కారు ముందున్న బిళ్ళ మీద ఆరు నక్షత్రాలు అవే. ఐదు కంపెనీలు కలిసి ఫుజి హెవీ ఇండస్ట్రీస్ అనే ఒక పెద్ద కంపెనీ అయ్యాయి కాబట్టి ఐదు చిన్న చుక్కలు, ఒక పెద్ద చుక్క. ఆ కంపెనీయే 2017లో పేరు మార్చుకుని సుబారు కార్పొరేషన్ అయింది. ఇక మన వైపు చూస్తే, ఆరుగురు కృత్తికలు పాలిచ్చి పెంచిన పిల్లాడు సుబ్రహ్మణ్యస్వామి, ఆయన పేరు పెట్టుకున్నవాడే సుబ్బారావు. అంటే సుబారు పెంపుడు తల్లి, సుబ్బారావు కొడుకు. మా ఆవిడ కారుకి సుబ్బారావు అని పేరు పెట్టినప్పుడు ఈ లెక్క ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు.

ఇండియాలో ఎప్పుడూ చూడలేదే?

చూసే ఉంటారు, గుర్తుపట్టి ఉండరు. 2000ల్లో షెవర్లే ఫారెస్టర్ అని ఒకటి అమ్మారు, అది సుబారు ఫారెస్టరే, ముందున్న బిళ్ళ ఒక్కటే వేరు. సుబారు పేరుతో మాత్రం మన దగ్గర షోరూములు రాలేదు. అందుకే మనవాళ్ళు ఇక్కడికొచ్చి మొదట కొనేది టొయోటా, హోండా. మంచు పడే ఊళ్ళో ఒక చలికాలం గడిచాకే, నాలుగు చక్రాలకీ శక్తి అందుతుందని సుబారు వైపు చూస్తారు.

ఇంజన్లో అంత ప్రత్యేకత ఏముంది?

మామూలు కార్లలో పిస్టన్లు నిలువుగా పైకీ కిందకీ ఆడతాయి. ఇందులో ఇంజన్ పడుకుని ఉంటుంది, రెండు పిస్టన్లు ఎడమకి, రెండు కుడికి, బాక్సర్లు గుద్దుకున్నట్టు ఎదురెదురుగా ఆడతాయి, అందుకే బాక్సర్ ఇంజన్ అన్నారు. 1966లో వచ్చిన సుబారు 1000 నుంచీ ఇదే పద్ధతి. బరువు కిందకి ఉంటుంది కాబట్టి మలుపుల్లో బండి నేలకి అతుక్కుని పోతుంది. దీని పర్యవసానం ఏంటంటే, ఇంజన్ పడుకుని ఉండటం వల్ల ఆయిలూ కూలెంటూ (ఇంజన్ని చల్లబరిచే ద్రవం) ఎప్పుడూ గాస్కెట్ల, అంటే భాగాల మధ్య లీకు ఆపే పొరల, కింది అంచు మీద నిలబడి ఉంటాయి. కిందున్న సీలు కాస్త అలిసిపోయినా చెమ్మ బయటికొస్తుంది. పాత సుబారు ఆయిల్ కార్చడం వింత కాదు, ఎక్కడి నుంచి కారుతోంది, రోజుకి ఎంత అన్నదే మనం చూసుకోవాలి.

ఏ సంవత్సరం బండి కొనమంటారు?

సంవత్సరం కంటే ఇంజన్ చూడండి. కింద లెగసీ, ఇంప్రెజా, అవుట్‌బ్యాక్, ఫారెస్టర్ అన్నవి మోడళ్ళ పేర్లు, ఈజే, ఈజెడ్ లాంటివి ఇంజన్ల పేర్లు.

ఈజే22, అంటే 2.2 లీటర్లది, 1990ల లెగసీల్లో, 2001 దాకా ఇంప్రెజాల్లో వచ్చింది. మొండిఘటం. 1996 దాకా వచ్చిన వాటిలో టైమింగ్ బెల్ట్ (పిస్టన్లనీ వాల్వులనీ ఒకే లయలో ఆడించే పట్టీ) తెగినా వాల్వులు పిస్టన్లకి తగలవు, కొత్త బెల్ట్ వేసుకుని పోవడమే. 1997 నుంచి ఆ సౌకర్యం పోయింది. ఇప్పుడు దొరికితే తుప్పు పట్టిన బాడీలోనే దొరుకుతుంది, అదీ బాధ.

1996 నుంచి 1999 దాకా వచ్చిన 2.5 లీటర్ల డబుల్ క్యామ్ (వాల్వులు తెరిచే కడ్డీలు ఒక్కో వైపు రెండు) ఇంజన్, ఈజే25డీ అంటారు, దానికి దూరంగా ఉండమంటాను. హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ బ్లాకుకీ దాని మూత లాంటి హెడ్డుకీ మధ్య పొర, లోపల్లోపల పోతుంది, బయటికి చుక్క కనపడదు, ఒకరోజు కొండెక్కుతుంటే టెంపరేచర్ ముల్లు లేస్తుంది. ఆ కాలపు అవుట్‌బ్యాక్ బాడీ బాగుంటే చాలామంది ఆ ఇంజన్ పీకేసి ఈజే22 పెట్టుకున్నారు, అలాంటి బండి ఎదురైతే, పని శుభ్రంగా చేసి ఉంటే, నేనైతే మారుమాట లేకుండా కొంటాను.

2000 నుంచి ఇంచుమించు 2010 దాకా వచ్చిన సింగిల్ క్యామ్ 2.5, అదే నా దగ్గరున్నది. దీనికీ గాస్కెట్ జబ్బు ఉంది గానీ ఎక్కువగా బయటికి కారుతుంది, కనపడుతుంది, టైమిస్తుంది. కనపడే జబ్బుతో బతకొచ్చు.

ఆరు సిలిండర్లది, 3 లీటర్ల ఈజెడ్30, 2001 అవుట్‌బ్యాక్‌తో అమెరికాలో మొదలైంది. టైమింగ్ చైన్, గాస్కెట్ గొడవ తక్కువ. పెట్రోలు బాగా తాగుతుంది. ఆ ఒక్కటి భరించగలిగితే పాత సుబారుల్లో నాకు నచ్చిన బేరం ఇదే.

2011 ఫారెస్టర్, 2012 ఇంప్రెజా, 2013 అవుట్‌బ్యాక్ నుంచి ఎఫ్‌బీ రకం ఇంజన్లు వచ్చాయి. బెల్ట్ పోయి చైన్ వచ్చింది. మొదటి రెండు మూడేళ్ళ వాటిలో కొన్ని ఆయిల్ తాగుతాయి, దాని మీద కోర్టులో క్లాస్ యాక్షన్ (యజమానులంతా కలిసి వేసిన దావా) నడిచి 2016లో సెటిల్ అయింది, వారంటీ పొడిగించారు. ఇప్పుడా గడువులు అయిపోయాయి కాబట్టి కొనేముందు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) చూసుకోవడం మన పని.

1980ల లియోన్, లోయాల్, వెనక తొట్టిలో సీట్లు పెట్టిన బ్రాట్ ఇవన్నీ ఇష్టంతో కొనుక్కునేవి, రోజూ ఆఫీసుకి పోవడానికి కాదు. బ్రాట్ వెనక సీట్లు సరదాకి పెట్టారనుకునేరు, పికప్ ట్రక్కుల దిగుమతి మీద అమెరికా వేసిన 25 శాతం సుంకం తప్పించుకోవడానికి పెట్టారు. సీట్లుంటే ప్యాసింజర్ కారు కదా!

హెడ్ గాస్కెట్ అని అందరూ భయపెడుతున్నారు. అంత టెన్షన్ అవసరమా?

టెన్షన్ వద్దు గానీ డబ్బు పక్కన పెట్టుకోండి. ఈజే22లో సిలిండర్ వెడల్పు 96.9 మిల్లీమీటర్లు, ఈజే25లో 99.5. బ్లాక్ దాదాపు అదే, సిలిండర్లు వెడల్పయ్యాయి, అంటే గాస్కెట్ కూర్చునే చోటు తగ్గింది. పైగా అప్పట్లో వేసిన గాస్కెట్ ఒకే పొర మీద గ్రాఫైట్ పూతది. వేడెక్కి చల్లారి వేడెక్కి చల్లారి ఆ పూత అరిగిపోతుంది. టర్బో (గాలిని ఒత్తి లోపలికి పంపే) ఇంజన్లకి మొదటి నుంచీ పలచని స్టీలు రేకులు పొరలుగా పేర్చిన గాస్కెట్ వేశారు, వాటికి ఈ జబ్బు అంతగా రాలేదు. ఇప్పుడు మామూలు 2.5 రిపేరులో కూడా ఆ స్టీలు పొరల రకమే వేయించుకోవాలి. "పాత రకమే వేస్తాం, అదే ఒరిజినల్" అనే షాపు నుంచి నమస్కారం పెట్టి బయటికి రండి.

విడి షాపుల్లో ఈ పని రెండు వేల నుంచి మూడు వేల డాలర్లు. వినగానే గుండె జారుతుంది, కానీ ఆ ధరలో టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ని వదిలే వాల్వ్), సీళ్ళు కూడా కలిపి చేయించుకోవాలి, ఎలాగూ అన్నీ విప్పుతారు కాబట్టి. రెండు హెడ్లూ మెషిన్ షాపుకి పంపి చదును చేయిస్తారా అని అడగండి. "అక్కర్లేదు, తుడిచి పెట్టేస్తాం" అంటే ఆ రిపేరు ఏడాది రెండేళ్ళకే మళ్ళీ వస్తుంది. సుబారులో ఇంజన్ మొత్తం బయటికి లాగడం ఇతర కార్లతో పోలిస్తే తేలిక, లాగి చేసేవాడే నీటుగా చేస్తాడు.

పోయిందని ఎలా కనిపెట్టాలి? కొనేముందు చూడొచ్చా?

చూడాలి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు వెళ్ళండి. అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి వేడి చేసి పెడితే అదే ఒక సమాధానం.

బానెట్ ఎత్తి ఓవర్‌ఫ్లో డబ్బాలో చూడండి. గోధుమరంగు మడ్డి, నల్లటి నూనె చారలు, పెట్రోలు పొగ వాసన ఉంటే వెనక్కి తిరగండి. తర్వాత అరగంట నడపండి, వీలుంటే హైవే ఎక్కి, వీలుంటే కొండ ఎక్కి. ఆపి ఇంజన్ ఆడుతుండగానే ఆ డబ్బాలో మళ్ళీ చూడండి, అన్నం ఉడికినట్టు బుడగలు వస్తూనే ఉంటే లోపలి గాస్కెట్ పోయింది. హీటర్ ఉన్నట్టుండి చల్లగాలి కొట్టడం కూడా అదే గుర్తు, కూలెంట్ దారిలో గ్యాస్ నిండి హీటర్‌కి వేడి నీళ్ళు అందట్లేదన్నమాట. కంబస్చన్ లీక్ టెస్టర్ అని చిన్న గొట్టం, నీలం ద్రవం వస్తాయి, రేడియేటర్ మూతి మీద పెట్టి పీలిస్తే, ఎగ్జాస్ట్ గ్యాస్ ఉంటే నీలం పసుపవుతుంది. చాలా ఆటో పార్ట్స్ షాపులు డిపాజిట్ తీసుకుని అరువిస్తాయి.

బయటి లీకు కోసం కింద పడుకుని టార్చ్ వేసి చూడాలి. హెడ్డూ బ్లాకూ కలిసే గీత వెంట, ఎక్కువగా డ్రైవర్ వైపు వెనక మూల, తడి. చెమ్మగా ఉంటే బేరమాడండి, చుక్కలు పడుతుంటే గట్టిగా బేరమాడండి.

డెన్వర్ వాళ్ళకి ఇంకో సులువు ఉంది. ఐ-70 ఎక్కి ఐసన్‌హవర్ సొరంగం దాకా వెళ్ళి రండి. పదకొండు వేల అడుగుల పైన ఉంటుంది, ఆ ఎక్కుడులో ముల్లు సగం దాటకుండా నిలబడితే కూలింగ్ సంగతి దాదాపు తేలిపోయినట్టే.

ముల్లు లేస్తే ఇంటిదాకా మెల్లగా పోనిచ్చుకోవచ్చా?

వద్దు. వద్దంటే వద్దు. నా స్నేహితుడొకడు "ఇంకో నాలుగు మైళ్ళే కదా" అని పోనిచ్చాడు, గాస్కెట్‌తో పోయేది రెండు హెడ్లు వంకరపోయేదాకా వచ్చింది. పక్కకి తీసి ఆపేయండి. వేడి మీద రేడియేటర్ మూత తియ్యకండి, మొహం కాలుతుంది.

లీకు ఆపే మందు పోస్తే సరిపోదా?

బయటికి కొద్దిగా చెమ్మగిల్లే సింగిల్ క్యామ్ ఇంజన్‌కి సుబారువాళ్ళే కూలెంట్ కండిషనర్ అని చిన్న సీసా అమ్ముతారు, 2000ల మొదటి మోడళ్ళకి అది పోయించుకుంటేనే గాస్కెట్ వారంటీ పొడిగింపు ఇచ్చారు కూడా. అది పోసుకోవచ్చు. షాపుల్లో దొరికే చిక్కటి మందులు మాత్రం లీకుతో పాటు హీటర్ కోర్‌నీ రేడియేటర్‌నీ మూసేస్తాయి. లోపలి లీకుకి ఏ మందూ పనిచెయ్యదు.

కూలెంట్ మార్చాక బండి వేడెక్కుతోంది, ఏం తప్పు చేశాను?

గాలి ఇరుక్కుంది. పడుకున్న ఇంజన్‌లో గాలి బయటికి రావడం కష్టం. రేడియేటర్ పై గొట్టం విప్పి, ఆ గొట్టం లోంచే ఇంజన్‌లోకి నెమ్మదిగా పోయండి, నిండాక తగిలించి అప్పుడు రేడియేటర్ నింపండి. రేడియేటర్ పైన మూలకి ఒక ప్లాస్టిక్ స్క్రూ ఉంటుంది, అది విప్పి ఉంచితే గాలి అటుగా పోతుంది. ముందు చక్రాలు ర్యాంప్ మీద, హీటర్ ఫుల్ వేడిలో, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఓపిక పట్టాలి. థర్మోస్టాట్ మాత్రం కంపెనీదే వేయండి, బయట దొరికే చౌకరకం సైజులోనే చిన్నగా ఉంటుంది, పక్కపక్కన పెట్టి చూస్తే మీకే అర్థమవుతుంది.

టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చాలి? నేనే మార్చుకోగలనా?

సింగిల్ క్యామ్ 2.5కి లక్షా ఐదు వేల మైళ్ళు లేదా 105 నెలలు, ఏది ముందైతే అది. ఆ "నెలలు" అన్న మాట ఎవరూ చదవరు. పద్నాలుగేళ్ళ బండి, అరవై వేల మైళ్ళే తిరిగింది, అమ్మమ్మగారు చర్చికి మాత్రమే నడిపారు అని అమ్ముతుంటారు, ఆ బెల్ట్‌కీ పద్నాలుగేళ్ళు నిండాయి. తెగితే వాల్వులు వంగుతాయి, అక్కడితో ఇంజన్ పని అయిపోతుంది. మార్చినట్టు రసీదు లేకపోతే మార్చలేదనే అనుకోండి.

బెల్ట్ ఒక్కటే మార్చడం పిసినారితనం. తెగడం కంటే దాన్ని నడిపించే ఐడ్లర్ పుల్లీ బేరింగులు, టెన్షనర్ (బెల్ట్‌ని బిగువుగా ఉంచేది) ఫెయిలవడమే ఎక్కువ. వాటర్ పంప్‌ని కూడా ఆ బెల్టే తిప్పుతుంది కాబట్టి అన్నీ కలిపిన కిట్ కొనండి. జపాన్ తయారీ భాగాలున్న కిట్ రెండు మూడొందల డాలర్లలో వస్తుంది, దానిలో సగం ధరకి వచ్చే పేరులేని కిట్ కొని నిద్ర పాడుచేసుకోకండి.

మీరే మార్చుకోగలరు, శనివారం పొద్దున మొదలుపెడితే నాకు మొదటిసారి ఆదివారం మధ్యాహ్నమైంది. రేడియేటర్ ఫ్యాన్లు తీస్తే చేతులు ఆడించుకోవడానికి చోటు వస్తుంది. మూడు సంగతులు మాత్రం మర్చిపోవద్దు. ఒకటి, పుల్లీల మీద బాణం గుర్తులూ ఉంటాయి, సన్న గీతలూ ఉంటాయి, కలపాల్సింది గీతల్ని. బాణాలు కలిపి ఇంజన్ పాడుచేసుకున్నవాళ్ళు లెక్కలేనంతమంది, నేనూ మొదట బాణమే కలిపాను, బెల్ట్ మీది గీతలు పడకపోయేసరికి అనుమానమొచ్చి ఆగాను. రెండు, టెన్షనర్‌ని వైస్‌లో పెట్టి చాలా నెమ్మదిగా నొక్కాలి, తొందరపడితే లోపలి సీలు పోతుంది. మూడు, క్రాంక్ (ఇంజన్ ప్రధాన కడ్డీ) పుల్లీ బోల్ట్ టార్క్ రెంచ్‌తోనే, అంటే బిగువు కొలిచే రెంచ్‌తోనే బిగించాలి. వదులుగా ఉంటే పుల్లీ ఊగి ఊగి క్రాంక్ చివర గాడినే తినేస్తుంది, దానికి రిపేరు చాలా కష్టం.

అంతా అయ్యాక స్టార్ట్ చేసేముందు రెంచ్‌తో చేత్తో రెండు చుట్లు తిప్పి చూడండి, ఎక్కడా తగలకూడదు.

ఒక టైరు పోయింది, ఒక్కటే మార్చుకుంటే చాలదా?

చాలదు. నాలుగు చక్రాలకీ ఎప్పుడూ శక్తి అందుతుంటుంది కాబట్టి నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. చుట్టుకొలతలో పావు అంగుళం కంటే తేడా ఉండకూడదని మాన్యువల్‌లోనే ఉంటుంది. తేడా ఉంటే ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే మధ్యలోని క్లచ్ ప్యాక్, లేదా మాన్యువల్ గేర్ బండి అయితే విస్కస్ కప్లింగ్, అది క్షణం కూడా విశ్రాంతి లేకుండా ఆ తేడాని సర్దుతూ వేడెక్కి పాడైపోతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మూడొందల డాలర్లు మిగులుతాయని ముందు చక్రాలకి మాత్రమే రెండు కొత్త టైర్లు వేయించాను. కొన్ని నెలలకి పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలితే ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు బండి గుంజుకునేది. దాన్నే టార్క్ బైండ్ అంటారు. మిగిలిన రెండు టైర్లు మార్చి, గేర్‌బాక్స్ ఆయిల్ మూడుసార్లు దించి పోసి, ఖాళీ స్థలంలో ఎనిమిది అంకె ఆకారంలో అరగంట తిప్పితే అదృష్టం కొద్దీ వదిలింది. వదలకపోతే వెనక భాగం విప్పి డ్యూటీ సీ సోలనాయిడ్ (ఆ క్లచ్‌ని నడిపే విద్యుత్ వాల్వ్), క్లచ్‌లు మార్చాల్సి వచ్చేది.

ఒక్కటే పోతే ఏం చెయ్యాలంటే, అదే మోడల్ టైరు కొత్తది కొని, మిగతా వాటి లోతుకి గీయించి ఇచ్చే షాపులున్నాయి. లేదా అదే అరుగుదల ఉన్న సెకండ్‌హ్యాండ్‌ది వెతకండి.

స్పేర్ టైరు వేసుకుంటే?

పాత ఆటోమేటిక్‌లలో చాలావాటికి బానెట్ కింద ఎఫ్‌డబ్ల్యూడీ (ముందు చక్రాలకే శక్తి) అని రాసిన ఖాళీ ఫ్యూజ్ గూడు ఉంటుంది. అందులో ఒక ఫ్యూజ్ గుచ్చితే వెనక చక్రాలకి శక్తి ఆగి, డాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. చిన్న స్పేర్ వేసుకున్నప్పుడు అలా చేసుకుని, స్పేర్‌ని వెనక చక్రానికే పెట్టుకుని నెమ్మదిగా షాపుకి పోవాలి. ముందు టైరు పంక్చరైతే వెనకది ముందుకి మార్చి స్పేర్ వెనక పెట్టాలి, విసుగే గానీ తప్పదు.

బండి ఆగిపోయింది, టో ట్రక్కువాడు ముందు చక్రాలెత్తి లాక్కెళతానంటున్నాడు.

ఒప్పుకోకండి. ఫ్లాట్‌బెడ్ పిలవమనండి. నాలుగు చక్రాలూ నేల మీద లేకుండా వెళ్ళాలి.

ఆయిల్ చేంజ్ బయట చేయించుకోవచ్చు కదా, అదెంత పని?

చేయించుకోండి, కానీ పక్కన నిలబడండి. పదిహేను నిమిషాల్లో ఆయిల్ మార్చే ఒక చోట నా మిత్రుడి అవుట్‌బ్యాక్‌కి జరిగింది చెప్తాను. కింద రెండు డ్రెయిన్ బోల్ట్‌లు ఉంటాయి, ముందుది ఇంజన్‌ది, కాస్త వెనక ఉన్నది గేర్‌బాక్స్‌ది, రెండూ పదిహేడు సైజే. ఆ కుర్రాడు వెనకది విప్పాడు, ఎర్రటి ఆయిల్ మొత్తం దింపేశాడు, పైకొచ్చి ఇంజన్‌లో నాలుగున్నర క్వార్ట్‌లు పోశాడు. ఇప్పుడు ఇంజన్‌లో రెట్టింపు ఆయిల్, గేర్‌బాక్స్‌లో చుక్క లేదు. మావాడు రెండు సిగ్నళ్ళు దాటాడు, తెల్లటి పొగ, మూడో సిగ్నల్ దగ్గర గేరు పడదు. కోపం వచ్చింది గానీ నిజం చెప్పాలంటే ఆ ఏర్పాటే గందరగోళం: గేర్‌బాక్స్‌కి వేరే ఫిల్టర్ ఉండి అది చూడ్డానికి అచ్చం ఆయిల్ ఫిల్టర్ లాగే ఉంటుంది, ముందు డిఫరెన్షియల్‌కి (ఎడమ, కుడి చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె) మళ్ళీ వేరే ఆయిల్, వేరే డిప్‌స్టిక్. అంటే ఆటోమేటిక్ బండికి మూడు డిప్‌స్టిక్‌లు. మా గరాజ్‌లో మూడింటికీ మూడు రంగుల టేపు చుట్టి పెట్టాను.

ఇంజన్‌కి 5డబ్ల్యూ-30. డిఫరెన్షియల్‌లకి, ముందూ వెనకా, 75డబ్ల్యూ-90 గేర్ ఆయిల్. వెనక డిఫరెన్షియల్‌లో ఎప్పుడూ ఆయిల్ పోసే పై బోల్ట్ మొదట విప్పి, అది ఊడొచ్చాకే కిందది విప్పండి. కిందది విప్పి ఆయిలంతా కార్చేసి పైది రాకపోతే ఆ రోజు బండి కదలదు.

ఇంకొకటి, ఆయిల్ లెవెల్ రెండు పెట్రోలు ఫిల్లింగులకొకసారి చూడండి. ఈ ఇంజన్లు ఆయిల్ తక్కువైనా చప్పుడు చెయ్యకుండా నడుస్తాయి, చప్పుడొచ్చేసరికి లోపల బేరింగ్ పోయి ఉంటుంది.

చలికాలం పొద్దున్నే టకటకమని చప్పుడు, పది నిమిషాలకి పోతుంది.

పిస్టన్ స్లాప్. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ సిలిండర్‌లో కాస్త వదులుగా ఆడుతుంది, వేడెక్కాక సరిపోతుంది. 2.5లలో మామూలే, వదిలెయ్యండి. వేడెక్కాక కూడా ఉంటే, పైగా యాక్సిలరేటర్‌తో పాటు పెరుగుతుంటే అది వేరే సంగతి, నడపడం ఆపి చూపించండి.

ఆగినప్పుడు ఏదో కాలిన వాసన వస్తోంది.

కుడి పక్క ముందు యాక్సిల్ లోపలి రబ్బరు బూటు చూడండి. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పక్కనే ఉంటుంది, ఆ వేడికి పగిలి గ్రీజు ఎగ్జాస్ట్ మీద పడి కాలుతుంది. పగిలిందని యాక్సిల్ మొత్తం మార్చేస్తారు చాలామంది. ఒరిజినల్ యాక్సిల్ లోపలి కప్పు మీద ఆకుపచ్చ రంగు ఉంటుంది, అది చప్పుడు చెయ్యకుండా ఉంటే పారెయ్యకండి, శుభ్రం చేసి కొత్త బూటు, కొత్త గ్రీజు వేయించండి. చౌక యాక్సిల్ వేస్తే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా సీటు వణుకుతుంది. గ్రీజు కాకపోతే వాల్వ్ కవర్ గాస్కెట్ల ఆయిల్, అదీ ఎగ్జాస్ట్ మీదే పడుతుంది. తియ్యటి వాసన అయితే కూలెంట్, పైన గాస్కెట్ కథ మళ్ళీ చదవండి.

చెక్ ఇంజన్ లైట్ వచ్చింది, క్రూజ్ లైటు కూడా కొట్టుకుంటోంది. రెండూ పాడయ్యాయా?

2000ల మధ్య నుంచి వచ్చిన బండ్లలో చెక్ ఇంజన్ వస్తే క్రూజ్, ట్రాక్షన్ కంట్రోల్ కూడా వాటంతటవే ఆగిపోతాయి. పాడైంది ఒక్కటే. ఆటో పార్ట్స్ షాపులో ఉచితంగా కోడ్ చదివిపెడతారు. ఇరవై డాలర్ల బ్లూటూత్ రీడర్ కొనుక్కుంటే ఇంకా మంచిది. పీ0301 నుంచి పీ0304 దాకా మిస్‌ఫైర్, మొదట ప్లగ్గులు, వైర్లు చూడండి, ఎన్‌జీకే కంపెనీవే వెయ్యండి. పీ0420 అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ అని వెంటనే వెయ్యి డాలర్లు పెట్టకండి, ముందు ఎగ్జాస్ట్ ఎక్కడైనా లీకవుతోందా, వెనక సెన్సార్ బాగుందా చూసుకోండి. పాత ఫారెస్టర్లలో పెట్రోలు పోసే గొట్టం తుప్పు పట్టి చిల్లుపడి కూడా కోడ్ వస్తుంది, పెట్రోలు పోసేటప్పుడు వెనక చక్రం దగ్గర వాసన వస్తే అదే.

చెక్ ఇంజన్ లైటు వెలిగి ఉంటే నెమ్మదిగా చూసుకోవచ్చు. అదే లైటు కొట్టుకుంటుంటే ఆపండి.

రాత్రి పెడితే పొద్దుటికి బ్యాటరీ డౌన్. కొత్త బ్యాటరీ వేసినా అంతే.

స్టీరింగ్ కాలమ్ పైన, మీటరుకి ముందు, చిన్న నల్లటి స్విచ్ ఉంటుంది. అది పార్కింగ్ లైట్ల స్విచ్, తాళం తీసేసినా పనిచేస్తుంది. తుడిచేటప్పుడో, పిల్లలు ఆడేటప్పుడో దాని మీద వేలు పడి ఉంటుంది. వెనక్కి నొక్కండి. ఈ ఒక్క జవాబుకి నాకు ఇప్పటిదాకా రెండు బిర్యానీలు ముట్టాయి.

85 పెట్రోలు పోయొచ్చా?

ఇది కొలరాడో వాళ్ళ ప్రశ్న, ఇక్కడ పంపుల్లో రెగ్యులర్ అంటే 85 ఆక్టేన్. మాన్యువల్ 87 అడుగుతుంది, 87 పోయండి. టర్బో అయితే 91.

తుప్పు ఎక్కడ చూడాలి?

మంచుకి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల బండి అయితే ఇంజన్ కంటే ముందు తుప్పే చూడండి. వెనక చక్రాల పైన వంపు, వెనక స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్సార్బరూ కలిసింది) బాడీకి తగిలే చోటు, వెనక సబ్‌ఫ్రేమ్ (చక్రాల భాగాలు బిగించిన కింది చట్రం), బ్రేక్ పైపులు. చక్రం పైన పొక్కులు కనపడితే లోపల అంతకు రెండింతలు ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, దిగబడితే వద్దు. అలాగే 2003 నుంచి 2014 మధ్య చాలా మోడళ్ళకి టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్ రీకాల్ ఉంది. విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు) ప్రభుత్వ రీకాల్ సైట్‌లో కొడితే తెలుస్తుంది, ఉచితంగా మారుస్తారు. ఇది మాత్రం వాయిదా వెయ్యకండి, పాడైన ఆ ఎయిర్‌బ్యాగ్ పేలితే ఇనుప ముక్కలు మొహం మీదకి వస్తాయి.

బండి ఎత్తు పెంచాలనుంది.

స్ట్రట్ పైన స్పేసర్లు పెట్టి ఒక అంగుళం, అంగుళంన్నర పెంచుకోవచ్చు, తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి. రెండు అంగుళాలు దాటితే యాక్సిళ్ళ కోణం పెరిగి బూట్లు, జాయింట్లు త్వరగా పోతాయి, సబ్‌ఫ్రేమ్ కూడా కిందకి దించాలి. హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్ళలో కొడతాయి, దించుకోండి. నా అభిప్రాయం అడిగితే ముందు మంచి ఆల్ టెర్రైన్ టైర్లు నాలుగు వెయ్యండి, చాలామందికి ఎత్తు పెంచాల్సిన అవసరమే కనపడదు. ఇంటి దగ్గర మట్టిరోడ్డు కూడా లేనివాళ్ళే రెండు అంగుళాలు అడుగుతారు, ఏం చెప్పను.

డబ్ల్యూఆర్ఎక్స్ కొన్నాను, ఏం మోడిఫికేషన్లు చెయ్యాలి?

కుర్రాళ్ళందరిదీ ఇదే ప్రశ్న. పాత డబ్ల్యూఆర్ఎక్స్ అంటే టర్బో ఇంజన్ ఉన్న ఇంప్రెజా. 1995, 96, 97లో వరుసగా వరల్డ్ ర్యాలీ కంపెనీల టైటిల్ కొట్టిన కారు, ర్యాలీ డ్రైవర్ కాలిన్ మెక్‌రే నడిపిన నీలం కారు బంగారు చక్రాలు, ఆ మోజు నాకూ తెలుసు. కానీ పాత డబ్ల్యూఆర్ఎక్స్ కొంటే మొదటి ఏడాది చెయ్యాల్సిన మోడిఫికేషన్ పేరు మరమ్మత్తు. కంప్రెషన్ టెస్ట్, లీక్‌డౌన్ టెస్ట్ చేయించండి, సిలిండర్లలో ఒత్తిడి నిలుస్తోందో లేదో తెలుస్తుంది. రబ్బరు వ్యాక్యూమ్ గొట్టాలు మార్చండి. 2004 తర్వాతి 2.5 టర్బోల్లో ఆయిల్ పైపుని బిగించే బోలు బ్యాంజో బోల్ట్‌లో చిన్న జల్లెడ ఉంటుంది, మడ్డి పట్టి మూసుకుంటే ఆయిల్ అందక టర్బో పాడవుతుంది, దాన్ని చూడండి. 2002 నుంచి 2005 దాకా వచ్చిన వాటిలో టర్బోకి ముందే ఒక చిన్న క్యాటలిటిక్ ఉంటుంది, అది పగిలితే ముక్కలు నేరుగా టర్బోలోకి పోతాయి.

ఆ తర్వాత కూడా ట్యూన్ (బండి కంప్యూటర్‌లో ఇంజన్ లెక్కలు సరిచెయ్యడం) లేకుండా ఇంటేక్ (గాలి పీల్చే గొట్టం) మార్చకండి. గాలి కొలిచే సెన్సార్ లెక్క ఆ గొట్టం వెడల్పుకి కట్టింది, వెడల్పు మారితే లెక్క తప్పి పెట్రోలు తక్కువ పడుతుంది, టర్బో ఒత్తిడి మీద పిస్టన్ రింగుల మధ్య గట్టు విరుగుతుంది. ఎవరిదో ట్యూన్ ఫైలు కాపీ కొట్టడమూ అంతే, మీ బండిని డైనో (ఇంజన్ శక్తి కొలిచే యంత్రం) మీద పెట్టి చేసినదే మీది.

ఆ గుడగుడ శబ్దం గురించి అడుగుతారు. ఎగ్జాస్ట్ గొట్టాలు రెండు వైపులా సమానం పొడవు లేకపోవడం వల్ల వచ్చేది అది. సమాన పొడవు హెడర్స్ వేస్తే శబ్దం పోతుంది, ఏడవకండి. తక్కువ ఖర్చుతో తేడా తెలిసే పని కావాలంటే వెనక స్వే బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) లావుది వెయ్యండి, అరిగిన బుష్‌లు మార్చండి, బ్రేక్ ఆయిల్ కొత్తది పోయండి.

పార్ట్స్ ఎక్కడ కొనాలి?

గాస్కెట్లు, సీళ్ళు, థర్మోస్టాట్, పీసీవీ వాల్వ్ సుబారు డీలర్ ఆన్‌లైన్ కౌంటర్ల నుంచి. బ్రేకులు, ఫిల్టర్లు, బేరింగులు మంచి కంపెనీవి ఎక్కడైనా. తలుపు హ్యాండిల్, అద్దం, సీటు ముక్క, రేడియో, వీటికి జంక్‌యార్డ్‌కి మించింది లేదు. పది, పన్నెండు, పద్నాలుగు, పదిహేడు సాకెట్లు తీసుకెళితే సగం బండి విప్పొచ్చు. చలికాలం వెళ్ళకండి, ప్లాస్టిక్ క్లిప్పులు పటపట విరుగుతాయి.

ఎప్పుడు వదిలించుకోవాలి?

ఇంజన్ పోతే కాదు, వెనక సబ్‌ఫ్రేమ్‌లో స్క్రూడ్రైవర్ దిగినప్పుడు. ఇంజన్ మార్చొచ్చు, బాడీ మార్చలేం. అమ్మేటప్పుడు బెల్ట్ రసీదు, గాస్కెట్ రసీదు ఒక కవర్లో పెట్టి గ్లవ్‌బాక్స్‌లో ఉంచండి, కొనడానికి వచ్చినవాడు సుబారు తెలిసినవాడైతే ముందు అడిగేది ఆ కవరే. నా కవరు అక్కడే ఉంది, ఆకుపచ్చ అవుట్‌బ్యాక్ కావాలని ఇద్దరు అడిగారు కూడా. మా ఆవిడ ఒప్పుకోలేదు.